గీత దాకా నింపిన సీసా

పోయిన గురువారం నర్సీపట్నంలో ఏం జరిగిందో మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది నమ్మకండి. మా ఊళ్ళో ఒక మాట ఈ వీధిలో బయలుదేరి ఆ వీధికి చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ వస్తాయి. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే చాలా మాటలకు ఆ కాళ్ళు తగిలించింది నేనే. అందుకని ఈ ఒక్కటీ ఎవరికీ వదలకుండా నేనే చెప్తాను. ఎలాగూ పరువు పోయింది. పోయిన తీరైనా సరిగ్గా తెలియాలి కదా!

మాది గొలుగొండ దగ్గర పల్లె. మా ఆయన అప్పలనాయుడు చెరుకు రైతు. రోజుకు పదిహేను మాటలు మాట్లాడతాడు, అందులో పది గేదెతో. ఇంట్లో మిగతా మాటలన్నీ నా ఒక్కదాని మీదే పడ్డాయి. ఎవరూ సాయం రారు, అలాగే నెట్టుకొస్తున్నాను.

కథలోకి వెళ్ళేముందు నూకరాజు గురించి చెప్పాలి. మా ఆయనకు వరసకు తమ్ముడు. మేం పాలు పోసే కేంద్రంలోనే తనూ పోస్తాడు. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం అతని క్యాను చూసి, అందరి ముందూ అడిగాను.

"నూకరాజూ, మీ గేదె సెరువులోంచి లెగకముందే పిండేసినావేటి? పాలు ఈత కొట్టొచ్చినట్టున్నాయి."

సెక్రటరీ లాక్టోమీటరు వేశాడు. నీళ్ళు బయటపడ్డాయి. అప్పటినుంచి ప్రతి క్యానునూ అందరి ఎదుటా పరీక్ష చెయ్యాలని పట్టుబట్టి రూలు పెట్టించింది నేనే. ఆ కథ నేను పెళ్ళిళ్ళలో చెప్పాను, సీమంతాల్లో చెప్పాను, పరామర్శకు వెళ్ళినచోట కూడా కాస్త ఏడుపు తగ్గాక చెప్పాను. నూకరాజు ఒక్క మాట అనలేదు. పాపం సిగ్గుపడ్డాడనుకున్నాను. దాచుకుంటున్నాడని నాకేం తెలుసు!

సరే. పోయిన నెల చెరుకు తోటలో మా ఆయన కాలికి మోడు గుచ్చుకుంది. పుండయింది, చీము పట్టింది, ఏదో ఆకు కడితే మానింది. మానిందనుకున్నాం. కొన్నాళ్ళకు పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బి ఉండడం మొదలైంది. ఇన్నేళ్ళకు నా వంట ఒంటబట్టిందని నేనే ఏడిపించాను. తర్వాత కాళ్ళు వాచాయి, చెప్పులో పాదం పట్టలేదు. ఒక పొద్దున్న పెరట్లోంచి వచ్చి నిలబడ్డాడు.

"రవణా, ఒంటేలు టీ డికాషన్ లాగొస్తంది."

పదిహేనులో నాలుగైదు మాటలు దాని మీద ఖర్చు పెట్టాడంటే, ఎంత భయపడి ఉంటే పెట్టి ఉంటాడు! నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

సోమవారం నర్సీపట్నం తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు గారు కాళ్ళు నొక్కి చూసి, బీపీ చూసి, రక్తం తీయించి, "కిడ్నీ సంగతిలా ఉందమ్మా. గురువారం వైజాగ్ నుంచి కిడ్నీ డాక్టరు వస్తారు. మెషీన్ రిపోర్టుతో ఊరుకునే మనిషి కాదు, మూత్రం చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి తన కళ్ళతో చూస్తే గాని మందు రాయరు. ఆయనకు చూపిద్దాం" అన్నారు.

ల్యాబులో సునీత అని ఒకావిడ ఉంది. నా చేతికి చిన్న ప్లాస్టిక్ సీసా ఇచ్చింది. దాని మీద ఒక గీత.

"పొద్దున్న మొదట వచ్చేది పట్టండమ్మా. ఈ గీత దాటించకండి, దారిలో ఒలికిపోద్ది. పట్టిన గంటలోపు తెచ్చేయండి."

ఆవిడ దాటించకండి అంది. నిజమే. కానీ పాలు పోసేవాళ్ళకు గీత కనబడితే బుర్రలో ఒకటే మాట: అక్కడిదాకా రావాలి. రాకపోతే పోసినట్టే కాదు.

ఈలోగా పక్కింటి పైడితల్లి వచ్చింది. ఆవిడ దగ్గర లోకంలోని జబ్బులన్నిటికీ మూడే మందులు: బార్లీ, వాము, దిష్టి తియ్యడం. మూత్రం కేసు కాబట్టి బార్లీ ఖాయం చేసింది. ఆ మూడు రోజులూ మా ఇంట్లో మనుషుల కంటే బార్లీ నీళ్ళే ఎక్కువ తిరిగాయి.

గురువారం తెల్లారింది. మా ఆయన లేచాడు. అలవాటు ప్రకారం గేదెను పలకరించాడు. అలవాటు ప్రకారం పశువుల శాల వెనక్కి వెళ్ళాడు. సగంలో గుర్తొచ్చింది!

ఒక చేత్తో లుంగీ పట్టుకుని, రెండో చెయ్యి చాచి పరిగెత్తుకొచ్చాడు. సీసా ఇచ్చాను. సగం గోడ పాలు, సగం సీసా పాలు. చూస్తే గీతకు రెండు వేళ్ళ వెలితి!

"మావా, ఇంకొంచెం."

"రాదు."

"పెయత్నం సెయ్యి."

"సెరుకు రసం మిషనేటే, తిప్పితే రావడానికి?"

బయట ఆటో గణేష్ హారన్. ఆ హారన్ ఒకసారి మొదలుపెడితే మనిషి ఎక్కితేనే ఆపుతాడు. మేం ఎక్కకపోతే ఆటో వెళ్ళిపోద్ది. ఆటో వెళ్ళిపోతే గంట దాటిపోద్ది. ఈ డాక్టరు మళ్ళీ వచ్చేది వచ్చే గురువారమే. అప్పటిదాకా ఆ ఉబ్బిన మొహం చూస్తూ కూర్చోవాలా? వెలితి సీసా ఇస్తే తీసుకోరేమో, తిప్పి పంపేస్తారేమో! చేతిలో సీసా. ఎదురుగా, అప్పుడే తొందర తొందరగా పొయ్యి మీంచి దింపి వార్చిన బార్లీ నీళ్ళ గ్లాసు.

నేను బాగానే ఆలోచించాను. ఆలోచించలేదని ఎవరూ అనకండి. ఈ బార్లీ నీళ్ళు మావ తాగితే ఎక్కడికి పోతాయి? అరగంటకు ఇలాగే బయటికొస్తాయి. అంటే ఇవి కూడా ఆయనవే. మధ్యలో ఒక్క మనిషి తగ్గాడంతే!

పోసేశాను. గీత దాకా. ఒక్క చుక్క అటూ ఇటూ కాకుండా. డికాషన్ రంగు కాస్తా ఎండుగడ్డి రంగుకొచ్చింది. రంగు మెరుగైంది, డాక్టరు గారు సంతోషిస్తారనుకున్నాను కూడా.

ఆటోలో సీసాను సంచిలో పెట్టి, సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గణేష్ ప్రతి గోతినీ పేరు పేరునా పలకరించుకుంటూ తీసుకెళ్ళాడు. ఒక్క బొట్టు ఒలకలేదు. లోపల గర్వంగా కూడా ఉంది!

కిడ్నీ డాక్టరు గారు సన్నగా ఉన్నారు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, అది ఎక్కడుందో వెతుక్కుంటారు. మాట ఎంత మెత్తనంటే, చెడ్డ కబురు కూడా జోకొట్టినట్టే చెప్తారు. ఆయన గదిలోనే ఒక మూల మైక్రోస్కోపు. సునీత మా సీసాలోది గొట్టంలో పోసి, గిరగిరా తిప్పే మిషన్లో పెట్టి, పైన తేరింది పారబోసి, అడుగున మిగిలినదాంట్లో ఒక చుక్క గాజు పలక మీద వేసి ఇచ్చింది. ఆయన వంగారు.

వంగినవారు లేవలేదు.

మేమిద్దరం బల్ల మీద కూర్చుని ఆయన వీపు చూస్తున్నాం. ఫ్యాను తిరుగుతోంది. మా ఆయన నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను.

"సునీతా, ఓసారి చూడు" అన్నారు డాక్టరు గారు.

ఆవిడ చూసింది. "పిండిలాగుంది సార్."

"పిండే. గింజపిండి రేణువులు. ఎక్కడ చూసినా అవే." ఆయన మా వైపు తిరిగారు. "అప్పలనాయుడు గారూ, మీరు పౌడరు రాసుకుంటారా?"

మా ఆయన నోరు తెరిచేలోగా నేనందుకున్నాను. "రాస్తాడండి డాక్టరుబాబూ! మెడకి, వీపుకి, సంకలకి. డబ్బా ఒంటి మీద ఒంపేసుకుంటాడు. సెప్తే వినడు."

ఇది పాపమే, ఒప్పుకుంటున్నాను. ఆయన పౌడరు రాసుకున్నది మా తమ్ముడి పెళ్ళినాడే, అదీ నేనే రాశాను. ఆ అమాయకుడు నిజంగానే ఎప్పుడైనా రాసుకున్నానా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు.

డాక్టరు గారు తల ఊపి, మళ్ళీ వంగారు. అప్పటికి తప్పించుకున్నాననుకున్నాను. ఆయన మళ్ళీ లేచి, సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి చూశారు.

"డికాషన్ రంగులో వస్తోందన్నారు. ఇదేమో ఇంత లేతగా ఉంది. పొద్దున్న మొదటిది ఇంత పల్చగా ఉండకూడదే." కళ్ళజోడు నుదుటి మీంచి దించుకున్నారు. "పాడైన కిడ్నీకి మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోతుంది. అదే అయితే మనం అనుకున్నదానికంటే ముదిరినట్టు. ఇక్కడ ఆలస్యం చెయ్యడం మంచిది కాదు నాయుడు గారూ. రేపే వైజాగ్ వచ్చి అడ్మిట్ అవ్వండి. కిడ్నీలోకి సూది పెట్టి ముక్క తీసి చూడాలి."

ఇదంతా జోకొట్టినట్టే చెప్పారు.

మా ఆయన వాచిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

"రవణా, నాకేటైనా అయితే ఆ గేదెని అమ్మెయ్యకు. నీ సెయ్యి పడితేనే పాలు సేపుతాది అది."

ఆ రోజుకు పదిహేను మాటలూ అయిపోయాయి. ఆయన నాకు చెప్పుకున్న చివరి కోరిక లాంటిది అది. నా గురించే. గేదె పేరు పెట్టి నా గురించే చెప్పాడని నాకు తెలుసు.

ఇంకేం దాచను! నిలబడ్డాను.

"డాక్టరుబాబూ, ఆ సీసాలో సగం బార్లీ అండి."

డాక్టరు గారు సీసా వంక చూశారు.

"ఏ బార్లీ?" అన్నారు ఆయన.

"కొట్లో కొన్నదేనండి. మంచిదేనండి."

"అది కాదమ్మా. సీసాలోకి ఎందుకొచ్చింది?"

"గీత దాకా రాలేదండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సునీత గోడకేసి తిరిగి నిలబడింది, ఆవిడ భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"అమ్మా, అరగంట నుంచి నేను బార్లీకి వైద్యం చేస్తున్నాను. ఇంకాసేపుంటే దాన్ని వైజాగ్‌లో అడ్మిట్ చేసుకుందును."

"తప్పయిపోయిందండి."

"ఇంకో మాట. బార్లీ సరిగ్గా ఉడకలేదు. రేణువులు చెక్కుచెదరలేదు."

అన్ని తిట్లూ పడ్డాను గాని, ఆ మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటోంది. నా వంటను మైక్రోస్కోపులో పెట్టి చూసి వంక పెట్టిన మనిషి ఈయనొక్కరే.

మా ఆయన నన్ను చూస్తున్నాడు. కోపం లేదు. తోటలో కొత్తరకం పురుగు కనబడితే ఎలా చూస్తాడో అలా, మెల్లగా, పై నుంచి కింది దాకా చూశాడు.

"గీత దాకా ఎందుకమ్మా?" అని సునీత ఇటు తిరిగింది. "నాకు నాలుగు చెంచాలైతే ఎక్కువ."

"మరి గీత ఎందుకండి?"

"సీసా చేసినోళ్ళు పెట్టారు. నేను పెట్టలేదు."

ఇక రెండో సీసా. ఈసారి సీసా నాకు ఇవ్వలేదు, తిన్నగా ఆయన చేతిలో పెట్టారు. వచ్చేదాకా కూర్చోమన్నారు. గది తలుపుకు ఉన్నది పల్చటి కర్టెన్, బయట హాలు నిండా జనం. అందరూ అంతా విన్నారు. మా ఆయన సీసా పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళడం, ఉత్త సీసాతో రావడం. హాల్లో ఒక పెద్దాయన, "కంగారు పడకు నాయుడూ, బేగి వచ్చేస్తాది" అని ధైర్యం చెప్తున్నాడు. ఒకావిడ కుళాయి తిప్పి వదలమంటోంది. మూడోసారి లోపలికి వెళ్ళి, సీసా రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చాడు. గీతకు బాగా కిందే. డికాషన్ రంగు. హాలంతా హమ్మయ్య అంది! మా పెళ్ళిలో కూడా అంతమంది ఒకేసారి సంతోషించలేదు.

డాక్టరు గారు మళ్ళీ వంగారు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. "ఇటు రండమ్మా" అని నన్నే పిలిచి చూడమన్నారు.

ముందు నాకు నా కనురెప్పే కనబడింది. తర్వాత తేటపడింది. చిన్న చిన్న ఎర్రటి చుక్కలు. గుండ్రంగా లేవు. అంచున బుడిపెలు లేచి, వేయించేటప్పుడు పూర్ణం బయటికొచ్చేసిన బూరెల్లా ఉన్నాయి, ఆ మాటే ఆయనతో అన్నాను. మధ్యలో ఒకచోట చిన్న చెరుకు ముక్కలాంటి గొట్టం, దాన్నిండా ఆ ఎర్ర చుక్కలే.

"అవి ఎర్రకణాలు. కిడ్నీలో ఒక జల్లెడ ఉంటుంది. వాచిన జల్లెడలోంచి ఇరుక్కుని బయటపడితే ఇలా నలిగిపోతాయి. ఆ గొట్టం కిడ్నీ లోపల పోతపోసినట్టు తయారవుతుంది. అది కనబడితే జబ్బు జల్లెడ దగ్గరే ఉందని తెలుస్తుంది. మొదటి సీసాలో అవి నీళ్ళకు పగిలిపోయాయి, మిగిలినవి మీ బార్లీ కింద దాక్కున్నాయి" అని, మా ఆయన వైపు తిరిగారు. "ఈమధ్య ఒంటి మీద పుండేమైనా లేచిందా?"

మా ఆయన ప్యాంటు పైకి లాగి కాలి మచ్చ చూపించాడు.

డాక్టరు గారి మొహం విచ్చుకుంది. "అదీ సంగతి! ఇలాంటి చీము పుండు మానాక కొంతమందికి కిడ్నీ వాస్తుంది. చాలావరకు దానంతటదే తగ్గుతుంది. చిక్కబరిచే శక్తి కూడా బాగానే ఉంది. ఉప్పు మానెయ్యండి, బీపీ మాత్ర, వాపు మాత్ర వాడండి. నీళ్ళూ, బార్లీ నేను చెప్పిన కొలతలోనే తాగాలి. వచ్చే గురువారం మళ్ళీ చూస్తాను. తగ్గుముఖం పట్టకపోతే అప్పుడు వైజాగ్. ఇప్పుడు అక్కర్లేదు."

చీటీ మీద మందులు రాసి, అడుగున ఇంకో వాక్యం రాశారు. బయటికొచ్చాక సునీతను చదవమన్నాను. "శాంపిల్ ల్యాబులోనే ఇవ్వాలి. ఇంటినుంచి తేకూడదు." కింద గీత కూడా గీశారట. మళ్ళీ గీతే!

ఇదంతా ఊళ్ళో ఎలా తెలిసిందని అడుగుతారేమో. ఆటోలో నేనే చెప్పాను. అలాంటి కథ కడుపులో పెట్టుకుని గొలుగొండ దాకా ఎవరు కూర్చోగలరు? మేం ఆటో దిగేసరికి కథ మాకంటే ముందే దిగి, ఇంటింటికీ వెళ్ళి, కాళ్ళు కడుక్కుని కూర్చుంది.

సాయంత్రం పాల కేంద్రానికి వెళ్ళాను. వరసలో అందరూ ఎప్పుడూ లేనంత మర్యాదగా జరిగి చోటిచ్చారు. నా క్యాను వంతు వచ్చింది. నేను పెట్టించిన రూలు ప్రకారం అందరి ఎదుటా సెక్రటరీ లాక్టోమీటరు వేశాడు. చూశాడు. తీసి, తుడిచి, ఇంకోసారి వేశాడు.

"బాగానే ఉన్నాయి."

వెనక నుంచి నూకరాజు గొంతు వినపడింది. రెండేళ్ళుగా దాచుకున్న గొంతు. చాలా నెమ్మదిగా, చాలా గౌరవంగా.

"మా వదిన పాలల్లో కలపదండి."

కేంద్రంలో క్యాన్లు కూడా నవ్వాయి! నేనూ నవ్వాను, నవ్వక ఏం చెయ్యను? ఇంటికెళ్తుంటే వెనకాలే సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

"వదినా, అన్నకి ఎలగుంది?"

"మందులతో తగ్గిపోతాది అన్నారు."

"తోటకి నీళ్ళు నాను కడతాను. అన్నని దిగొద్దని సెప్పు."

వారమంతా అతనే కట్టాడు. ఇకమీదట పెళ్ళిళ్ళలో చెప్పుకోవడానికి నాకు వేరే కథ వెతుక్కోవాలి.

ఈ గురువారం మళ్ళీ వెళ్ళాం. వాపు దిగింది, చెప్పులు పట్టాయి. సునీత ఖాళీ సీసా ఆయన చేతికిచ్చి, నన్ను రెండడుగులు దూరంగా కూర్చోబెట్టింది. పోయినసారి ఎంతసేపు పట్టిందో గుర్తుంది కదా, అందుకని నేను ఇంటినుంచి డాక్టరు గారు చెప్పిన కొలతలోనే బార్లీ తెచ్చాను. ఈసారి బాగా ఉడికించి మరీ తెచ్చాను. గ్లాసులో పోసి ఆయనకు అందించాను.

మా ఆయన ఒక చేతిలో గ్లాసు చూశాడు. రెండో చేతిలో సీసా చూశాడు. తర్వాత హాలంతా వినబడేలా అడిగాడు.

"రవణా, ఇది నాను తాగాలా, నువ్వే తిన్నగా సీసాలో పోసేస్తావా?"

హాల్లో పోయిన వారం ధైర్యం చెప్పిన పెద్దాయన మళ్ళీ అక్కడే ఉన్నాడు, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. లోపల్నుంచి డాక్టరు గారు కర్టెన్ తీసి చూశారు. కాసేపటికి ఆయనే వంగి చుక్క చూసి, "బూరెలు తగ్గాయమ్మా. గొట్టాలు వెతికినా దొరకలేదు. వైజాగ్ అక్కర్లేదు" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పక్కనే ఖాళీ సీసాలుంటే, సునీత ఎందుకైనా మంచిదని వాటిని అటు జరిపింది.

ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన వేసిన మొట్టమొదటి జోకు అది. దాన్ని ఊరంతా చెప్పాలి కదా! ఆయన చెప్పడు, ఆ రోజు మాటలు అయిపోయాయి. చెప్పాల్సిందల్లా మళ్ళీ నేనే. నా మీద వేసిన జోకును ఇల్లిల్లూ తిరిగి నేనే పంచుతున్నాను. మీ ఇల్లు పదకొండోది. టీ పెడితే తాగుతాను గానీ, బార్లీ మాత్రం పొయ్యకండి.